పిల్లల నేరాలు నిజంగా పెరుగుతున్నాయా? పట్టుబడిన పిల్లల విషయంలో చట్టం ఏం చేస్తుంది?

తరగతి గది, అనంతపురం (ప్రశ్న)

నేను ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తాను. మా దగ్గర ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పదిహేడేళ్ల విద్యార్థి ఒకడు, తనకన్నా వయసులో పెద్దవాళ్లయిన ఇద్దరితో కలిసి మోటారు సైకిల్ దొంగిలించాడన్న ఆరోపణపై పట్టుబడ్డాడు. మైనర్లపై కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు బెయిలు ఇవ్వడంతో ఇంటికి చేరాడు, విచారణ ఇంకా సాగుతోంది. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ కావాలనే వదిలేస్తున్నాను.

ఆ అబ్బాయి మళ్లీ తరగతికి వచ్చిన రోజున సిబ్బంది గదిలో పెద్ద చర్చే జరిగింది. టీసీ చేతిలో పెట్టి పంపేస్తే మిగిలిన పిల్లలు చెడిపోకుండా ఉంటారని కొందరు సహోద్యోగులు పట్టుబట్టారు. పిల్లల్లో నేరాలు ఏటికేడు విపరీతంగా పెరిగిపోతున్నాయనీ, పద్దెనిమిదేళ్లు నిండలేదన్న ఒక్క కారణంతో చట్టం వాళ్లను చూసీచూడనట్టు వదిలేస్తోందనీ వారి వాదన. రెండు వారాల్లో కళాశాల కమిటీ కూర్చోబోతోంది. అక్కడ ఆవేశంతో కాక ఆధారాలతో మాట్లాడదలచుకున్నాను. నేరాలు నిజంగా పెరుగుతున్నాయా, బోర్డు ముందు అసలు ఏం జరుగుతుంది, ఇలాంటి పిల్లవాడిని చదువుకు దూరం చేస్తే ఏమవుతుంది అన్నవి ఈ రంగంలో పనిచేసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

హంద్రీ తీరం, కర్నూలు

అధ్యాపకులు గారూ, నమస్కారం. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదిగా పిల్లల తరఫున బోర్డు ముందు హాజరవుతూ ఉంటాను. ముందు లెక్కల సంగతి చెబుతాను. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వార్షిక నివేదికల ప్రకారం దేశం మొత్తం మీద మైనర్లపై నమోదైన కేసులు 2016లో 35,849 ఉండగా, 2020లో 29,768కి తగ్గాయి. అది కరోనా సంవత్సరం కాబట్టి పక్కన పెట్టినా, 2021లో 31,170, 2022లో 30,555, 2023లో 31,365 నమోదయ్యాయి. అంటే మొదట కొంత తగ్గి, ఆ తర్వాత ఇంచుమించు ఒకే చోట నిలిచాయన్నమాట. 2022లో దేశంలో నమోదైన మొత్తం కేసులు 58,24,946 కాగా, అందులో మైనర్లపై పెట్టినవి అర శాతం దగ్గరే ఆగాయి. మీ సహోద్యోగులు అన్న "విపరీతంగా" అనే మాటకు ఈ అంకెల్లో ఆధారం దొరకదు.

అయితే ఇవే అంకెలు చూపించి పిల్లలు బాగుపడుతున్నారని చెప్పడమూ సరికాదు. పోలీసులు ఎన్ని కేసులు రాశారన్నది ఈ పట్టిక చెబుతుంది గానీ, పిల్లలు ఎన్ని తప్పులు చేశారన్నది చెప్పదు. 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం, ఘోరమైన నేరమైనప్పుడో (అంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నదైతే), పెద్దవాళ్లతో కలిసి చేసినప్పుడో తప్ప మైనర్‌పై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదు. స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి కుటుంబ నేపథ్యంపై నివేదికను జతచేసి బోర్డుకు పంపాలి. ఏ స్టేషన్ ఈ నిబంధనను పాటిస్తుంది, ఏది పాటించదు అన్నదాన్ని బట్టి కూడా లెక్క పెరుగుతుంది, తరుగుతుంది. అందుకే ఒక ఏడాది రెండు శాతం పెరిగిందనో తగ్గిందనో పతాక శీర్షిక కనిపిస్తే నేను దాని మీద ఏ అభిప్రాయమూ ఏర్పరచుకోను.

అంకెల్లో నిలకడగా కనిపించే విషయం వయసు. 2022లో పట్టుబడిన 37,780 మందిలో 29,690 మంది పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవారే. వారిలో అత్యధికులు తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవారే గానీ, దిక్కులేక వీధిన పడ్డవారు కారు. దొంగతనాలు, కొట్లాటలు పెద్ద భాగం. లైంగిక నేరాల పద్దులో మాత్రం రెండు రకాల కేసులు కలగలిసి ఉంటాయి. బలవంతంగా చేసిన దారుణాలు ఒక రకమైతే, పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లినప్పుడు అమ్మాయి తరఫువారు పెట్టిన కేసులు మరో రకం. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు సమ్మతిని గుర్తించదు. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి కనీస శిక్షే పదేళ్లు కాబట్టి, ఆ అబ్బాయి కూడా ఘోర నేరం చేసినవారి వరుసలోనే నిలబడతాడు. నా చేతికి వచ్చే ఫైళ్లలో ఈ రెండో రకం తక్కువేమీ కాదు.

ఇక చట్టం వదిలేస్తోందన్న మాట. ప్రస్తుతం అమలులో ఉన్నది 2015లో చేసిన జువైనల్ జస్టిస్ చట్టం, 2016 జనవరి 15న అమలులోకి వచ్చింది. పట్టుబడిన పిల్లవాడిని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. ఒక ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిస్తే బోర్డు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. బెయిలు సాధారణ నియమం. బయటికి వస్తే పాత నేరగాళ్ల చేతిలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో తోస్తేనే కారణాలు రాసి నిరాకరించాలి. విచారణను నాలుగు నెలల్లో ముగించాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు, చిన్న నేరమైతే అప్పటికీ తేలకపోతే మూసేయాలి. నేరం చేసినట్టు తేలితే మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులపై జరిమానా, ప్రొబేషన్ (మంచి నడవడి షరతుపై పర్యవేక్షణలో ఇంటి దగ్గరే ఉంచడం), చివరికి మూడేళ్ల వరకు ప్రత్యేక గృహం (పిల్లలను ఉంచి సంస్కరించే సంస్థ). జైలు లేదు గనుక ఏమీ లేదని బయటివారు అనుకుంటారు. నెలకొకసారి కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా వరండాలో నేల మీద కూర్చుని, ఎవరు పిలిచినా తమనే అనుకుని లేచి నిలబడే తల్లులను చూసినవారు ఆ మాట అనలేరు.

నిజమైన లోపం మరొకటి ఉంది. ఇండియా జస్టిస్ రిపోర్ట్ వారు 2025 నవంబరులో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2023 అక్టోబరు 31 నాటికి 362 బోర్డుల ముందున్న 1,00,904 కేసుల్లో 55 శాతం పెండింగులోనే ఉన్నాయి, దాదాపు నాలుగింట ఒక బోర్డుకు పూర్తి సభ్యులు లేరు. నాలుగు నెలల్లో ముగియాల్సిన విచారణ ఏడాది దాటితే, అప్పటికి ఆ పిల్లవాడి చదువు ఆగిపోయి ఉంటుంది.

శెట్టి అంగడి, ప్రొద్దుటూరు

న్యాయవాది గారు చెప్పినవి కాదనను గానీ, రెండో వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి. మా దగ్గరి బంధువుల అబ్బాయిపై వేరే ఊళ్లో ఒక గొడవలో కత్తితో దాడి జరిగింది. కుడిచేతి నరం తెగి, ఇప్పటికీ రెండు వేళ్లు ముడుచుకోవు. కత్తి పట్టినవాడికి పద్దెనిమిదేళ్లు నిండటానికి ఇంకా రెండు నెలలు ఉన్నాయట. పక్కనున్న పెద్దవాళ్లు సెషన్స్ కోర్టు చుట్టూ తిరుగుతుంటే, అతను మాత్రం బోర్డు నుంచి బెయిలు మీద వచ్చి అదే వీధిలో తిరుగుతున్నాడు. విచారణ ఏ రోజో మాకు ఎవరూ చెప్పలేదు, మా అబ్బాయి మాట అడిగినవారూ లేరు. పిల్లవాడి భవిష్యత్తు గురించి ఇంతమంది ఆలోచించడం మంచిదే. దెబ్బ తిన్నవాడు కూడా ఒక తల్లి బిడ్డే కదా? మైనర్ అయితే శిక్ష తక్కువ పడుతుందని తెలిసి, కావాలనే వాళ్ల చేతికి కత్తి ఇచ్చే పెద్దమనుషుల సంగతేమిటి? పదహారు దాటినవాడిని పెద్దవాడిగానే విచారించవచ్చని చట్టం మార్చారు కదా, అది మా విషయంలో ఎందుకు వర్తించలేదో చెప్పండి.

విశ్రాంత ప్రొబేషన్ అధికారి, కడప

శెట్టి గారూ, మీరు అడిగినవి న్యాయమైన ప్రశ్నలు. చివరి దానితో మొదలుపెడతాను. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ అత్యాచార ఘటనలో నిందితుల్లో ఒకడు మైనర్ కావడం, మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉండి 2015 డిసెంబరులో విడుదల కావడం దేశమంతా ఆగ్రహం తెప్పించింది. ఆ నెలలోనే కొత్త చట్టం రాజ్యసభ ఆమోదం పొందింది. దాని ప్రకారం పదహారేళ్లు నిండినవారు ఘోర నేరం చేస్తే, వారి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలుసుకోగల శక్తి, నేరం జరిగిన పరిస్థితులు బోర్డు ముందుగా అంచనా వేసి, అవసరమనుకుంటే పెద్దవారిగా విచారణ కోసం బాలల న్యాయస్థానానికి పంపుతుంది. అయితే ఘోర నేరమంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నదని అర్థం. హత్యాయత్నానికీ, మారణాయుధంతో తీవ్రంగా గాయపరచడానికీ గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీస శిక్ష ఆ మేరకు లేదు. అలాంటివి ఘోర నేరాల కిందికి రావని 2020లో శిల్పా మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, 2021 సవరణలో పార్లమెంటు కూడా అదే రాసింది. మీ బంధువు కేసు బోర్డులోనే నిలిచిపోవడానికి కారణం బహుశా ఇదే.

పెద్దల కోర్టుకు పంపితే నేరాలు తగ్గుతాయా అంటే, ఆ దారిలో మనకన్నా చాలా దూరం వెళ్లిన అమెరికా అనుభవం చూడాలి. బాలల కోసం ప్రత్యేక న్యాయస్థానం 1899లో చికాగోలో మొదలుపెట్టింది ఆ దేశమే. 1990లలో పిల్లల హింస పెరిగిందన్న భయంతో దాదాపు రాష్ట్రాలన్నీ పోటీలు పడి మైనర్లను పెద్దల కోర్టులకు తోశాయి. ఆ ఫలితాలపై వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించిన అక్కడి నిపుణుల బృందం 2007లో చెప్పినదేమిటంటే, అలా పంపిన పిల్లలు బాలల వ్యవస్థలోనే ఉండిపోయిన పిల్లలకన్నా తర్వాతి కాలంలో హింసాత్మక లేదా ఇతర నేరాల్లో సుమారు 34 శాతం ఎక్కువగా పట్టుబడ్డారు. పెద్దల జైలులో వాళ్లకు దొరికే గురువులు ఎవరో మన ప్రాంతం వారికి విడమరచి చెప్పనక్కరలేదు.

కత్తి చేతికిచ్చిన పెద్దమనుషుల గురించి మీరన్నది అక్షరాలా నిజం. వాళ్ల కోసం చట్టంలో సెక్షన్లు ఉన్నాయి, వాడేవారే అరుదు. జువైనల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ ప్రకారం పిల్లలను చట్టవిరుద్ధ పనులకు వాడుకున్న పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల జరిమానా. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోని 95వ సెక్షన్ కింద కనీసం మూడేళ్ల నుంచి పదేళ్ల వరకు శిక్ష ఉంది. మీ కేసులో అభియోగపత్రంలో ఇవి చేర్చారో లేదో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా కనుక్కోండి, చేర్చకపోతే కోర్టును కోరండి. అధ్యాపకులు గారి విద్యార్థి వెంట ఉన్న ఆ ఇద్దరి విషయంలోనూ ఇది చూడదగ్గదే.

బాధితుడి మాట వినేవారు లేరన్న మీ ఫిర్యాదును మాత్రం నేను తోసిపుచ్చలేను. మన బోర్డులో గాయపడినవాడికి కుర్చీ లేదు. న్యూజిలాండ్‌లో 1989 చట్టం తెచ్చిన కుటుంబ సమావేశ పద్ధతిలో పిల్లవాడు, అతని కుటుంబం, బాధితుడు, పోలీసు ఒకే గదిలో కూర్చుంటారు. ఏం జరిగిందో బాధితుడు ముఖాముఖి చెబుతాడు, నష్టం ఎలా పూడ్చాలో అక్కడే తేలుస్తారు. పిల్లవాడి పట్ల మెతకగా ఉండటానికీ, బాధితుడిని పట్టించుకోకపోవడానికీ ముడి పెట్టనక్కరలేదని ఆ పద్ధతి చూపింది. దాన్ని ఇక్కడికి తేవాలని ఉద్యోగంలో ఉన్నంతకాలం అడిగినవారిలో నేనూ ఉన్నాను.

అధ్యాపకులు గారికి ఒక మాట. పిల్లవాడు మొదటిసారి బోర్డు ముందుకు వచ్చిన పదిహేను రోజుల్లో ప్రొబేషన్ అధికారి సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ఇంటికి వెళ్లినప్పుడు మేము మొదట చూసేది సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ అబ్బాయి ఎక్కడ ఉంటాడన్నదే. తండ్రి బేల్దారి పనికో, లారీ మీదో పోయి ఉంటాడు. తల్లికి కొడుకు స్నేహితుల పేర్లు సగం తెలియవు. ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవరు చుట్టి దాచిన పదో తరగతి మార్కుల మెమో మాత్రం తీసి చూపిస్తుంది. ఆ కుర్రవాడు కళాశాలకు వెళ్తున్నాడని నివేదికలో ఒక్క వాక్యం రాయగలిగితే బోర్డు తీరే మారేది. కళాశాల వాళ్లు తీసేశారని రాయాల్సి వచ్చినప్పుడు, ఆ పిల్లవాడి రోజంతటికీ సమాధానం చెప్పేవారు ఎవరూ మిగిలేవారు కాదు.

పాత హెడ్మాస్టరు, ఆదోని

ఇక్కడ ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది, అది బడి రిజిస్టరు. వయసు తేల్చేటప్పుడు చట్టం 94వ సెక్షన్ ప్రకారం మొదట చూసేది పాఠశాల ఇచ్చిన జనన తేదీ ధ్రువపత్రాన్నో, పదో తరగతి ధ్రువపత్రాన్నో. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చినది, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మా వైపు పల్లెల్లో పుట్టిన తేదీ రాసి పెట్టుకున్న ఇళ్లు ఒకప్పుడు తక్కువ. "వాన పడిన యేడు పుట్టినాడు సార్" అని తల్లి చెబితే, ఐదేళ్లు నిండినట్టు లెక్క సరిపోయేలా జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసి అడ్మిషన్ చేసుకునేవాళ్లం. ఒకటో తరగతిలో అలా పడిన తేదీయే పన్నెండేళ్ల తర్వాత ఆ పిల్లవాడు బోర్డుకు పోవాలా, జైలుకు పోవాలా అన్నది నిర్ణయిస్తుంది. సమన్లు అందుకుని, ఆ పాత రిజిస్టరు చంకన పెట్టుకుని కోర్టులో సాక్ష్యం చెప్పిన అనుభవం నాకూ ఉంది.

ఇది చిన్న విషయం కాదు. 2016 నుంచి 2021 వరకు ఆరేళ్లలో కనీసం 9,681 మంది పిల్లలు పొరపాటున పెద్దల జైళ్లలో గడిపారని, సమాచార హక్కు ద్వారా జైళ్ల నుంచే వివరాలు తెప్పించుకున్న ఐప్రొబోనో సంస్థ 2024లో వెల్లడించింది. మైనర్‌నన్న వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు తర్వాత కూడా లేవనెత్తవచ్చని చట్టం చెబుతున్నా, చెప్పేవారు లేక అంతమంది లోపలే ఉండిపోయారు.

ఇంకొక సంగతి. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు సుగ్గికని గుంటూరుకో, తెలంగాణకో పత్తి, మిరప కోతలకు నెలల తరబడి తరలిపోతాయి. వెంట పోయిన పిల్లవాడికి బడి పోతుంది, ఊళ్లో అవ్వ దగ్గర మిగిలినవాడికి అడిగేవారు పోతారు. రెండోవాడే తొందరగా చేయిజారడం నేను చూశాను. సీజనల్ హాస్టల్ సరిగ్గా నడిచిన ఏడాది, పోలీసు స్టేషన్ నుంచి మాకు వచ్చే కబుర్లు తగ్గేవి.

తరగతి గది, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. శెట్టి గారూ, మీ బంధువుల అబ్బాయి చేయి కోలుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. న్యాయవాది గారిని మరొకటి అడుగుతాను. టీసీలో గానీ నడవడిక ధ్రువపత్రంలో గానీ ఈ కేసు సంగతి రాయాలని మా కార్యాలయం అంటోంది. అలా రాయవచ్చా? కమిటీ ముందు నేను అడగాల్సినదేమిటి?

హంద్రీ తీరం, కర్నూలు

రాయకూడదు. 74వ సెక్షన్ ప్రకారం పిల్లవాడి పేరు, చిరునామా, చదివే సంస్థ, గుర్తుపట్టే మరే వివరమైనా పత్రికల్లో గానీ మరే రూపంలో గానీ బయటపెట్టడం నేరం. దానికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కేసు నడుస్తున్నా, ముగిసినా, నడవడిక ధ్రువీకరణ కోసమైనా సరే పోలీసులే ఆ రికార్డు బయటపెట్టకూడదని అదే సెక్షన్ చెబుతుంటే, కళాశాల దాన్ని టీసీలో ఎక్కించడానికి ఆధారమేముంది? పైగా 24వ సెక్షన్ ప్రకారం, పెద్దవాడిగా విచారించిన సందర్భాల్లో తప్ప, ఈ కేసు వల్ల అతనికి ఉద్యోగానికో మరొకదానికో అనర్హత అంటదు, అప్పీలు గడువు దాటాక రికార్డే ధ్వంసం చేయాలి.

విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది కాబట్టి, ఇంటర్ విద్యార్థిని తీసేయడాన్ని ఆ చట్టం అడ్డుకోదు. కమిటీలో మీకు పనికొచ్చేవి రెండు. పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి బిడ్డనూ దురుద్దేశం లేనివాడిగానే భావించాలన్నది ఈ చట్టం మూడో సెక్షన్‌లోని మొదటి సూత్రం. ఇంకా ఏమీ రుజువు కాలేదు. ఇక విచారణ ముగిశాక, పిల్లవాడు చదువు కొనసాగించాలని ఉత్తర్వు ఇచ్చే అధికారం 18వ సెక్షన్ కింద బోర్డుకు ఉంది. బోర్డు రేపు పంపమని చెప్పగల పిల్లవాడిని కళాశాల ఇవాళ తీసేయడం ఏమిటని అడగండి.

వచ్చే వాయిదాకు ముందే బోనఫైడ్ సర్టిఫికెట్, హాజరు పట్టిక ఆ కుటుంబం ద్వారా ప్రొబేషన్ అధికారికి అందేలా చూడండి. వాళ్లకు వకీలు లేకపోతే 15100కు ఫోను చేయమనండి, న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. పబ్లిక్ పరీక్షల రోజుల్లో వాయిదా పడితే టైంటేబుల్ జతచేసి తేదీ మార్చమని ముందుగానే పిటిషను వేయించండి. నేను వేసిన అలాంటి పిటిషన్లను బోర్డు కాదన్న సందర్భం లేదు.